గిరిగారు లండన్‌లో చదవలేదు



ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, తీరిక చేసుకుని చదవండి. పోయిన సమావేశంలో విద్యానిధి నియమాల మీద మాట వచ్చింది. లా చదివే పిల్లలకి మన నిధి నుంచి సాయం అందాలంటే క్లాట్ రాసి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని ఉండాలని ఒక షరతు ఉంది. బరంపురంలోనో, బళ్లారిలోనో, షోలాపూర్‌లోనో ఊళ్లో ఉన్న లా కాలేజీలో చేరిన పిల్లల దరఖాస్తులు అందువల్ల మొదటి వడపోతలోనే పక్కకి పోతున్నాయి. ఆ షరతు తీసేద్దామని మేము కొందరం అన్నాం. ఉంచాలన్నవారిలో ఒక పెద్దాయన అన్న మాట చాలామందికి నచ్చింది. "మన గిరిగారు అంతవారయ్యారంటే లండన్ వెళ్లి బారిస్టరీ చదివారు కాబట్టే కదా" అన్నారాయన.

గిరిగారు లండన్‌లో చదవలేదు. డబ్లిన్‌లో చదివారు. ఆ రెండూ ఒకటి కాదు, ముఖ్యంగా 1913లో అస్సలు ఒకటి కాదు. మన వాదన మొత్తం ఆ తేడాలోనే ఉంది కాబట్టి మొదటి నుంచీ చెబుతాం.

వరాహగిరి వేంకట గిరి 1894 ఆగస్టు 10న మన బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా అని వేరే రాష్ట్రం లేదు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. తెలుగు, ఒడియా రెండూ వీధిలో వినిపించే ఊరు, ఇప్పటిలాగే. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న లాయరు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మగారు కూడా జాతీయోద్యమంలో తిరిగినావిడే, శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం పోరాడి అరెస్టయ్యారు. పిల్లవాడి చదువు ఇక్కడి బడిలో, తర్వాత ఖళ్లికోట కాలేజీలో సాగింది. 1913లో లా చదవడానికి ఓడెక్కారు.

ఆ రోజుల్లో ఓడెందుకు ఎక్కాలో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. కోర్టుల్లో వాదించేవాళ్లందరికీ అప్పుడు ఒకే హోదా ఉండేది కాదు. ప్లీడరు వేరు, హైకోర్టు వకీలు వేరు, బారిస్టరు వేరు. అందరిలోకీ పై మెట్టు బారిస్టరుది. ఆ మెట్టు ఎక్కడానికి ఇక్కడ ఏ కాలేజీలో చదివినా లాభం లేదు, సముద్రం దాటాల్సిందే. ఈ తేడాలు 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టంతో కొంత, 1961 నాటి అడ్వకేట్స్ చట్టంతో పూర్తిగా పోయాయి. ఇప్పుడు సన్నదు ఒక్కటే. ఏ కాలేజీలో చదివారో దాని మీద రాయరు.

బారిస్టరీ అంటే మనవాళ్లకి లండన్. అక్కడి నాలుగు ఇన్‌లలో ఏదో ఒకదాంట్లో చేరడం, లెక్కప్రకారం టర్ములు గడపడం, పరీక్షలు రాయడం. టర్ములు గడపడమంటే ఎక్కువ భాగం అక్కడి భోజనాలకి హాజరు కావడమే. ఇది మేము వేళాకోళానికి అనడం లేదు. గాంధీగారు తన ఆత్మకథలో ఈ భోజనాల సంగతి వివరంగా రాశారు. నలుగురికి కలిపి రెండు సీసాల వైన్ ఇచ్చేవారట. ఈయన తాగరు కాబట్టి ఈయన పక్కన కూర్చోవడానికి మిగతావాళ్లు పోటీ పడేవారట. పరీక్షలు పెద్ద కష్టమేమీ కాదని కూడా ఆయనే రాసుకున్నారు. లండన్ బారిస్టరీ అనగానే మన కళ్లముందు ఏదో మహా తపస్సు కనిపిస్తుంది కాని, దాని గొప్పతనంలో చాలా భాగం ఊరి పేరుదే.

ఆ ఊరు 1909 తర్వాత మన కుర్రాళ్లకి ఇరుకైపోయింది. ఆ ఏడాది జులై 1న మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చి చంపాడు. అంతకు కొద్ది నెలల ముందే శ్యామ్‌జీ కృష్ణవర్మ పేరుని ఇన్నర్ టెంపుల్ వాళ్లు తమ జాబితాలోంచి కొట్టేశారు. సావర్కర్ పరీక్షలు పాసయినా గ్రేస్ ఇన్ ఆయనని బారిస్టరుగా పిలవలేదు. భారతీయ విద్యార్థి అంటే అనుమానంగా చూడడం, వెనక మనిషిని పెట్టడం మామూలైపోయింది. అప్పుడు కొందరి చూపు ఐరిష్ సముద్రం అవతలికి మళ్లింది.

డబ్లిన్‌లో కింగ్స్ ఇన్స్ ఉంది. 1541 నాటిది, కాబట్టి వయసులో చిన్నదేమీ కాదు. అయినా దానికి చాలాకాలం సొంత గౌరవం లేదు. ఐర్లండ్‌లో వాదించాలనుకున్న ఐరిష్ కుర్రాడు కూడా లండన్ వెళ్లి అక్కడి ఇన్‌లో కొన్ని టర్ములు గడిపి రావాలన్న నియమం 1885 దాకా ఉంది. సొంత ఊళ్లో కోర్టు, సొంత ఊళ్లో ఇన్ ఉండి కూడా పై ఊరి ముద్ర కోసం ప్రయాణం కట్టాలి. మన నిధి షరతు చదివినప్పుడల్లా మాకు ఈ నియమమే గుర్తొస్తుంది. అదే రకం ఆలోచన.

ఇక యూనివర్సిటీ. కింగ్స్ ఇన్స్‌లో చేరిన భారతీయ విద్యార్థులు దానితోపాటు యూనివర్సిటీలో కూడా పాఠాలు వినాలి. డబ్లిన్‌లో పేరున్నది ట్రినిటీ కాలేజీ, 1592 నాటిది, ప్రొటెస్టెంట్ల కోట. గిరిగారు చేరింది అందులో కాదు, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో. ట్రినిటీ తమది కాదనుకున్న క్యాథలిక్కుల కోసం 1854లో ఒక క్యాథలిక్ యూనివర్సిటీ పెట్టారు. దానికి డిగ్రీలిచ్చే అధికారం ప్రభుత్వం ఇవ్వలేదు. చదువు చెప్పొచ్చు, కాగితం ఇవ్వకూడదు. అలా కిందా మీదా పడి, చేతులు మారి, 1908 చట్టంతో నేషనల్ యూనివర్సిటీలో భాగంగా నిలదొక్కుకున్న కాలేజీ అది. గిరిగారు వెళ్లేసరికి ఆ కొత్త హోదాకి అయిదేళ్లు. బరంపురంలో ఎవరైనా "మీవాడు ఎక్కడ చదువుతున్నాడు" అని అడిగితే ఆ పేరు చెప్పి ఒప్పించడం జోగయ్యగారికి కూడా కష్టమే అయివుంటుందని మా ఊహ.

కాని చట్టం దృష్టిలో? 1915 నాటి భారత ప్రభుత్వ చట్టం హైకోర్టు జడ్జీ కావడానికి అర్హతలు చెప్పేటప్పుడు ఇంగ్లండ్ బారిస్టరుని, ఐర్లండ్ బారిస్టరుని ఒకే వరుసలో పెట్టింది. పేరులో తేడా, పనిలో సమానం. తెలిసిన తల్లిదండ్రులు దాన్ని వాడుకున్నారు. ఆ కొద్ది సంవత్సరాల్లో దాదాపు 50 మంది భారతీయ విద్యార్థులు ఆ కాలేజీలో చదివారు. వాళ్లలో మొదటి బృందంలోనివారు గిరిగారు.

ఆయన అక్కడ ఏం చేశారన్నది అసలు కథ. లా పాఠాలకి హాజరు వేయించుకుంటే బారిస్టరీకి సరిపోయేది. ఆయన, ఇంకో లా విద్యార్థి కలిసి పూర్తి బి.ఏ. కోర్సులో కూడా చేరారు. ఇంగ్లీషు పాఠాలు థామస్ మెక్‌డోనా చెప్పేవారు. ఆయన కవి. అర్థశాస్త్రం థామస్ ఫిన్లే అనే జెజ్యూట్ ఫాదర్ చెప్పేవారు. ఈ ఫిన్లేగారు ఐర్లండ్‌లో సహకార ఉద్యమాన్ని నడిపించినవాళ్లలో ఒకరు. పల్లె రైతులు కలిసి పాల కేంద్రాలు పెట్టుకోవడం, పరపతి సంఘాలు పెట్టుకోవడం ఆయన జీవితకాలపు పని. పుస్తకంలో ఉన్న అర్థశాస్త్రం కాకుండా, తను చేతులతో చేస్తున్న అర్థశాస్త్రం చెప్పే మాస్టారన్నమాట. చిన్న కాలేజీల్లో ఇలాంటి మాస్టార్లు ఒక్కరైనా ఉంటారు. వాళ్లని వెతుక్కుని వాళ్ల క్లాసులో కూర్చోవడం విద్యార్థి పని. షోలాపూర్ చేనేత సహకార సంఘాల్లో పెరిగిన మన పద్మశాలీ కుటుంబాల పిల్లలకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాలేజీ గోడల బయట ఇంకో పాఠం నడిచింది. గిరిగారు డబ్లిన్ చేరిన 1913లోనే, ఆగస్టు 26న, ట్రాము కార్మికులు సమ్మెకి దిగారు. లార్కిన్, కానలీ నడిపే రవాణా కార్మికుల సంఘంలో ఉండబోమని సంతకం పెడితేనే పని అన్నారు యజమానులు. కార్మికులు పెట్టం అన్నారు. సుమారు 20 వేల మందిని గేటు బయట నిలబెట్టారు. నెలల తరబడి పస్తులు. 1914 మొదట్లో కార్మికులు ఓడిపోయి, దొరికినవాళ్లు దొరికిన పనిలోకి వెళ్లిపోయారు. చట్టం ఎవరి పక్షాన నిలబడింది, ఒప్పందం అంటే ఏమిటి, సంఘం అనేదానికి కోర్టులో ఉనికి ఉందా లేదా అన్నవి అక్కడ పరీక్ష ప్రశ్నలు కావు, రోడ్డు మీద రొట్టె కోసం వరుసలో నిలబడ్డ మనుషులు. ఐర్లండ్ కార్మికోద్యమం తన మీద వేసిన ముద్ర గిరిగారు తర్వాత జీవితమంతా దాచుకోలేదు.

ఇంకో పని కూడా చేశారు. దక్షిణాఫ్రికాలో మనవాళ్లు పడుతున్న బాధల మీద తోటి భారతీయ విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం తయారు చేశారు. నాటాల్‌లో గడువు తీరిన కూలీలు తలకి మూడు పౌన్ల పన్ను కట్టాలన్న నిబంధన మీద 1913 చివర్లో గాంధీగారి నాయకత్వంలో పెద్ద సమ్మె జరిగింది. ఆ నాటాల్ చెరుకు తోటలకి మద్రాసు రేవు నుంచి వెళ్లిన కూలీల్లో మన గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఎంతోమంది. యానాం సభ్యులకి ఈ వలసల కథ కొత్తది కాదు. మీ పక్కనున్న కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్లందరికీ పేరైపోయింది కదా. డబ్లిన్‌లో కూర్చున్న కుర్రాడికి అది ఎక్కడో జరుగుతున్న అన్యాయం కాదు, తన జిల్లా వాళ్ల సంగతి. కరపత్రం పోలీసుల చేతికి చిక్కింది. అప్పటినుంచి ఆ విద్యార్థుల మీద నిఘా పెరిగింది.

మహాయుద్ధం మొదలయ్యాక ఆయన లండన్ వెళ్లి గాంధీగారిని కలిశారు. రెడ్‌క్రాస్ సేవలో చేరమని గాంధీగారు అడిగారు. మొదట సరేనన్నారు, తర్వాత మనసొప్పక వెనక్కి తగ్గారు. గాంధీగారు తప్పుపట్టకుండా విడిచిపెట్టారు. దీనికి ఇక్కడ పెద్ద ప్రాధాన్యం లేదు కాని, మన పెద్దాయన మాటలో ఆ కాస్త నిజం ఉంది: గిరిగారు లండన్ వెళ్లారు, చదవడానికి కాదు.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. డబ్లిన్‌లో తిరుగుబాటు. కాలేజీకి కూతవేటు దూరంలో ఉన్న సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ తోటలో తిరుగుబాటుదారులు కందకాలు తవ్వారు. ఐర్లండ్ పెద్ద కోర్టులు కొలువుండే ఫోర్ కోర్ట్స్ భవనాన్నే ఆక్రమించుకున్నారు. వారం తిరిగేలోపు ఫిరంగులతో అణచివేశారు. మే 3న ఇంగ్లీషు మాస్టారు మెక్‌డోనాని కాల్చి చంపారు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఆయనొకరు. మే 12న కానలీని, గాయాలతో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి, కాల్చారు. క్లాసులో పద్యం చెప్పిన మనిషి, వీధిలో కార్మికులని నడిపిన మనిషి, పది రోజుల తేడాలో ఇద్దరూ లేరు.

భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. వాళ్లలో కొందరు ఐరిష్ వాలంటీర్ల పత్రికకీ కాలేజీ పత్రికకీ పేరు లేకుండా వ్యాసాలు రాసి ఉన్నారు. తిరుగుబాటు నాయకులతో సంబంధం ఉందని గిరిగారి మీద అనుమానం. ఆయనే చెప్పుకున్న ప్రకారం జూన్ 1న నోటీసు అందింది: నెల రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మూడేళ్ల చదువు చివరికొచ్చింది. మాస్టారు పోయారు. ఊరు సగం కాలిపోయింది. మెడ మీద నోటీసు ఉంది. వయసు 21. ఆ పరిస్థితిలో చేయవలసిన పని ఏమిటి? ఆవేశపడి అరెస్టు కావొచ్చు, భయపడి మొదటి ఓడెక్కేయొచ్చు. ఆయన ఆ నెల గడువు వాడుకున్నారు. జూన్ 21న ఐర్లండ్ బార్‌కి బారిస్టరుగా పిలుపు అందుకున్నారు. నోటీసు గడువుకి పది రోజుల ముందు. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు, దాన్ని అలాగే వదిలి వచ్చేశారు. ఏది వదలాలో ఏది వదలకూడదో తెలియడం లాయరుకి మొదటి లక్షణం. మా లెక్కలో ఆ జూన్ నెల మూడు వారాలూ ఆయన రాసిన అసలు పరీక్ష.

తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. బరంపురంలో ప్రాక్టీసు బాగా సాగింది. ఇక్కడ మేము నిజం ఒప్పుకోవాలి, లేకపోతే మా వాదన ఒంటికాలిది అవుతుంది. ఆ ప్రాక్టీసు సాగడానికి డబ్లిన్ ఒక్కటే కారణం కాదు. వెనక జోగయ్య పంతులుగారి పేరు ఉంది, ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి, గుమ్మంలోకి వచ్చే కక్షిదారులు ఉన్నారు. మూడేళ్లు విదేశంలో ఉంచగలిగిన జరుగుబాటు ఉంది. పేదరికంలోంచి పైకొచ్చిన కథ కాదు ఇది. అలా చెప్పేవాళ్లు గిరిగారిని పొగుడుతున్నామనుకుని చరిత్రని చెడగొడుతున్నారు.

అయితే ఆ నిజం మా వైపే మాట్లాడుతోంది. కాలేజీ పేరు తక్కువైనా గిరిగారు నిలబడ్డారంటే వెనక ఒక మనిషి ఉన్నారు. మన ఊళ్లలో లా కాలేజీలో చేరే పిల్లల్లో చాలామందికి ఆ మనిషి లేరు. తండ్రి మగ్గం మీదో, హోటల్లోనో, రైల్వే గ్యాంగులోనో పని చేస్తాడు. కోర్టు గుమ్మం ఎక్కడం అంటే ఆ ఇంట్లో భయం. పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లకి ఆ విశ్వవిద్యాలయమే సీనియర్లని, సెలవుల్లో పనిచేసే చోట్లని చూపిస్తుంది. ఊళ్లో కాలేజీ పిల్లకి అది చూపించేవాళ్లు ఎవరు? డబ్బు ఎవరికి ఎక్కువ అవసరం అన్నది లెక్క వేసుకుంటే మన షరతు తలకిందులుగా ఉంది.

కథలోకి వద్దాం. 1920లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే గిరిగారు నడుస్తున్న ప్రాక్టీసు మానేశారు. 1922లో సారా దుకాణాల వేలాలకి వ్యతిరేకంగా నిలబడి మొదటిసారి అరెస్టయ్యారు. 1923లో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ పెట్టినవాళ్లలో ఒకరయ్యారు. పదేళ్లకి పైగా దాని ప్రధాన కార్యదర్శి. కోటు విప్పేశారు కాని లా మానలేదని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ రోజుల్లో కార్మిక సంఘం నడపడమే ఒక న్యాయ ప్రశ్న.

మద్రాసులో 1918లో బి.పి. వాడియా పెట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ సంగతి చూడండి. బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల యాజమాన్యం ఆ సంఘం నాయకుల మీద దావా వేసింది. పనివాళ్ల చేత ఒప్పందం తప్పించారు, మాకు నష్టం వచ్చింది అని. మద్రాసు హైకోర్టు వాళ్ల మీద ఆంక్ష విధించింది. సమ్మె చేయమని చెబితే చాలు, చెప్పినవాడి ఇల్లు వేలానికి రావచ్చన్నమాట. దేశంలో కార్మిక సంఘాలకి చట్టరక్షణ కావాలన్న పట్టుదల ఆ కేసుతో పెరిగింది. ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో దాన్ని లేవనెత్తారు. చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అదే ఏడాది గిరిగారు ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. పెరంబూరు, పుళియంతోపు వైపు ఉన్న మన సభ్యుల ఇళ్లలో ఆ మిల్లుల్లో పనిచేసిన తాతలు ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర ఆ కథలు రాసి పెట్టుకోండి.

1920ల చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిలోంచి తీసేసిన కార్మికుల కోసం సమ్మె నడిపారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుందంటే ఆ రైలు పని కోసం మన వైపు నుంచి వెళ్లినవాళ్ల వల్లనే. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకి, తర్వాత రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. డబ్లిన్‌లో ట్రాము కార్మికులు ఓడిపోవడం చూసిన మనిషి, ఇక్కడ రైలు కార్మికుల పక్కన కూర్చున్నారు.

1936 ఏప్రిల్ 1 మనందరికీ తెలిసిన తేదీ. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, బరంపురం అటు వెళ్లింది. గిరిగారి పుట్టిల్లు ఒక వైపు, రాజకీయం ఇంకో వైపు అయ్యాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన మద్రాసు రాష్ట్రంలో బొబ్బిలిలో నిలబడి, ముఖ్యమంత్రిగా చేసిన బొబ్బిలి రాజాగారినే ఓడించారు. జమీందారు తన కోటలోనే ఓడిపోయాడు. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. సరిహద్దు అవతల ఉండిపోయిన మనకి ఆ గెలుపులో సంతోషమూ ఉంది, ఒక చిన్న కొరతా ఉంది. ఇక్కడి వాళ్లు అర్థం చేసుకుంటారు.

స్వాతంత్ర్యం తర్వాతి పదవులు త్వరగా చెప్పేస్తాం: సిలోన్‌లో హైకమిషనర్, నెహ్రూగారి దగ్గర కార్మిక మంత్రి, ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు. వీటిలో ఒక్కదాని దగ్గర ఆగాలి. కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ఆయన, వివాదాలన్నిటినీ ట్రిబ్యునళ్లకి పంపడం తగ్గించి యజమానీ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని పట్టుబట్టారు. బారిస్టరు అయివుండి కేసులు వద్దన్నారు! దానికి "గిరి పద్ధతి" అని పేరు కూడా వచ్చింది. ఆ మాట మీద ప్రభుత్వంలో అందరూ ఆయనతో లేరు. 1954లో బ్యాంకు ఉద్యోగులకి అనుకూలంగా ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చింది. ఆయన రాజీనామా ఇచ్చేశారు. ట్రిబ్యునళ్లు వద్దన్న మనిషే, వచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చకూడదని పదవి వదులుకున్నారు. ఈ రెండింటికీ పొంతన లేదని ఆయనని వెక్కిరించినవాళ్లు ఉండొచ్చు. మాకు మాత్రం ఇది లాయరు ఆలోచనే అనిపిస్తుంది: దావా వేయకుండా ఉండు, వేశాక తీర్పుకి కట్టుబడు.

1969 ఎన్నిక సంగతి మీకు తెలుసు. ఇద్దరు తెలుగువాళ్లు, గిరిగారూ నీలం సంజీవరెడ్డిగారూ. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక 4,20,077కి 4,05,427. అంత దగ్గర గెలుపు కోర్టుకి వెళ్లకుండా ఉండదు. సంజీవరెడ్డిగారి మీద అసభ్యంగా రాసిన ఒక కరపత్రాన్ని పంచి ఓట్లని ప్రభావితం చేశారని సుప్రీంకోర్టులో ఎన్నికల పిటిషన్ పడింది. డబ్లిన్‌లో కరపత్రం రాసి నిఘాలో పడ్డ మనిషి, 75 ఏళ్ల వయసులో ఇంకో కరపత్రం మీద జవాబు చెప్పుకోవలసి వచ్చింది! రాష్ట్రపతి కోర్టుకి రానక్కర్లేకుండా సాక్ష్యం చెప్పే మార్గం ఉంది. ఆయన అది వద్దని 1970లో స్వయంగా సుప్రీంకోర్టుకి వెళ్లి సాక్షిగా నిలబడ్డారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. పిటిషన్ కొట్టేశారు. న్యాయస్థానానికి ఎలా వెళ్లాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఒక చిన్న సంగతి. ఆయన మన రాష్ట్రపతిగా ఉన్న మొదటి దాదాపు నాలుగేళ్లూ ఐర్లండ్ అధ్యక్షుడు ఈమన్ డి వలేరా. 1916 తిరుగుబాటులో దళాన్ని నడిపి మరణశిక్ష తప్పించుకున్న ఆ డి వలేరానే.

ఇక మన పని. నిధి నియమాల్లో "జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం" అన్న మాట తీసేసి "బార్ కౌన్సిల్ గుర్తించిన ఏ న్యాయ కళాశాలైనా" అని మార్చాలని తీర్మానం రాశాం. దానితోపాటు ఇంకో రెండు కోరాం. ఫీజుకి బదులు, లేదా ఫీజుతోపాటు, పుస్తకాలకి, కోర్టుకి రాకపోకలకి కొంత సొమ్ము ఇవ్వాలి. చదువు అయ్యాక సీనియరు దగ్గర జూనియరుగా చేరిన మొదటి రెండేళ్లూ, చేతికి పెద్దగా ఏమీ రాని కాలంలో, నెలనెలా కొంత అందేలా చూడాలి. మన సంఘంలో ప్రాక్టీసులో ఉన్న లాయర్లు తలా ఒక పిల్లనో పిల్లాడినో తమ ఆఫీసులోకి తీసుకోవడానికి ఒప్పుకుంటే, పేర్లు విడిగా రాసుకుంటాం.

తీర్మానం ప్రతి సంఘం ఆఫీసులో ఉంది. షరతు ఉండాలనుకునే పెద్దలు తమ కారణాలు రాసి ఇవ్వండి, సర్వసభ్య సమావేశంలో రెండూ కలిపే చదువుదాం. గిరిగారి లండన్ చదువు మాత్రం ఆ కారణాల్లో వద్దు.